నేల మీద పడ్డదంతా

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. ఆ ఊరికి రెండు పేటలు, నడుమ ఒక మురుగు కాలువ. ఎగువన పైపేటలో దారి పొడుగునా వేపలు, కానుగలు. దిగువన రేకులపేటలో చెట్టన్నదే లేదు. మొక్కల బండి ఏటా వచ్చేది, ఏటా పైపేటలోనే ఖాళీ అయ్యేది. కాలువ దాటిన మొక్క ఒక్కటీ లేదు.

ఆ మధ్యాహ్నం రేకులపేటలో బంగారి అనే గేదె తాలూకు దూడ నాలుక వెళ్లబెట్టి కూలబడిపోయింది.

"కిందటేడు ఎండకే ఒక బిడ్డ పోయింది పోలమ్మత్తా! ఇదీ దక్కేలా లేదు," అని ఏడ్చింది బంగారి.

పోలమ్మ చాకిరేవు గాడిద. ముసలిది, నెమ్మదస్తురాలు. "ఏడిస్తే చల్లబడుద్దా? బిడ్డని లేపు. పైపేట పార్కుకి పోదాం," అంది. మేక నూకాలు కూడా వెంట బయల్దేరింది.

పార్కు గేటు దగ్గర భైరన్న అనే కుక్క కాపలా. చెప్పిన మాట జవదాటడు. చెప్పేది మాత్రం గుంటయ్య నక్క. పార్కు పొదల్లో కాపురం పెట్టి, ఎవరూ అడక్కుండానే అక్కడ పెద్దమనిషైపోయాడు.

"ఎక్కడికి?" వేపచెట్టు కింద పడుకునే అడిగాడు గుంటయ్య.

"కాస్త నీడకి బాబూ. పసిదానికి వడ కొట్టింది," అంది పోలమ్మ.

"ఈ చెట్లు మావి. కావాలంటే మీ పేటలో పెంచుకోవాల్సింది. ఆ మేక నోరు ఊరుకుంటేగా!"

నూకాలుకి రోషం పొడుచుకొచ్చింది. "మొక్కే రాని పేటలో నేను మేసిందేంటయ్యా?"

పోలమ్మ దాన్ని ఊరుకోమని సైగ చేసి చుట్టూ చూసింది. ఎండుటాకులు గుట్టలుగా పడున్నాయి. రాలిన వేపపళ్ల మీద ఈగలు ముసురుతున్నాయి. గుంటయ్య మాటిమాటికీ చెవులు విదిలించుకుంటున్నాడు.

"చెట్లు మీవే బాబూ, కాదన్నదెవరు? ఈ కింద పడ్డది మాకిచ్చెయ్యండి. మోసుకుపోతాను. నా బతుకే మోత కదా."

తేరగా చాకిరీ దొరికిందని గుంటయ్య మురిసిపోయాడు. "ఓస్, అంతేనా! ఇక్కడ నేల మీద పడ్డదంతా మీదే. తీసుకో."

"రేపు గేటు దగ్గర ఆపేస్తేనో?"

"భైరన్నా, విన్నావుగా! నేల మీద పడ్డదంతా రేకులపేటది. అడ్డం రావడానికి ఎవరికీ హక్కు లేదు. నాకైనా సరే!"

"విన్నాను," అన్నాడు భైరన్న.

పోలమ్మ దూడని నడిపించుకొచ్చి పెద్ద వేప కింద పడుకోబెట్టింది. పక్కనే తనూ చతికిలబడింది.

గుంటయ్య దిగ్గున లేచాడు. "ఆకులు ఎత్తవే అంటే కూర్చుంటావేం?"

"ఎత్తుతాను బాబూ, ఎక్కడికి పోతాయి? ముందు ఇది చెప్పండి, ఈ నీడ ఎక్కడ పడింది?"

గుంటయ్య తన కాళ్ల కింది నీడకేసి చూశాడు.

భైరన్నే కాస్త ఆలోచించి అన్నాడు: "నేల మీద."

"నేనన్నది ఆకుల గురించిరా!"

"తమరు ఆకులనలేదు. అంతా అన్నారు." గొంతు సవరించుకున్నాడు భైరన్న. "ఇప్పుడు తమరు వాళ్ల నీడలో నిలబడ్డారు. కాస్త అవతలికి జరగండి."

సాయంత్రానికి దూడ లేచి తల్లి పొదుగు వెతుక్కుంది. బంగారి దాన్ని నాకుతూనే ఉంది, నాకుతూనే ఉంది.

మాట ప్రకారం పోలమ్మ పార్కంతా శుభ్రం చేసింది. ఆకులు ఎరువైనాయి. వేపగింజలూ కానుగగింజలూ తొలకరికి రేకులపేట సందుల్లో పడ్డాయి. కాపలాకి నూకాలు తనే ముందుకొచ్చింది.

"మేకకా కాపలా అప్పగించేది? కంచే చేను మేస్తేనో?" అని కోళ్లు కిసుక్కుమన్నాయి.

"మేస్తే నన్ను కాలువలో తోసెయ్యండి," అంది నూకాలు. మొలకలు లేతగా, నవనవలాడుతూ లేచాయి. నోరూరినప్పుడల్లా అది మొహం గోడకేసి తిప్పుకునేది. మొక్కలు తన ఎత్తు దాటిపోయాక పేటంతా తిరిగి అందరికీ చూపించుకుంది.

గుంటయ్య సంగతంటారా? పౌరుషానికి పోయి కొన్నాళ్లు ఎండలోనే తిరిగాడు. ఎండ ముందు పౌరుషం ఎంతసేపు నిలుస్తుంది? ఓ మధ్యాహ్నం పార్కులో పెద్ద వేప దగ్గరికి రొప్పుకుంటూ వచ్చి, "పోలమ్మగారూ, కాస్త జరుగుతారా?" అన్నాడు.

పోలమ్మ జరిగింది. "రా నాయనా, కూర్చో. చోటుకేం కరువు?"

చెట్టు ఏ పేటలో లేచినా, నీడ ఊరందరిదీ.