ఫోటోలో ఉన్నంత బండి

నూకలవారి ముగ్గురన్నదమ్ములకీ ఒకటే నమ్మకం. పిఠాపురం మొత్తానికి రావలసిన తెలివి పొరపాటున తమ ఇంట్లోనే దిగిపోయిందని, అందుకే ఊళ్ళో తక్కినవాళ్ళు అలా అఘోరించారని. పెద్దవాడు గవర్రాజు వానొస్తే గొడుగు వెయ్యడు. తడిసి పాడైపోతుందని చొక్కా లోపల దాచుకొస్తాడు. రెండోవాడు సన్యాసిరావు గడియారం ఐదు నిమిషాలు వెనకబడిందని, దానికి తోడుగా తనూ ఐదు నిమిషాలు వెనక్కి నడిచి ఇల్లు చేరతాడు. మూడోవాణ్ణి చంటి అంటారు గానీ ముప్పై నాలుగేళ్ళు. అన్నలిద్దరి తెలివీ కలిపి వాడొక్కడికే అబ్బింది.

ఇలాంటి ఇంటికి వాళ్ళ పెదనాన్న జోగారావు తన కారు అప్పగించాడంటే, ఆయన తెలివి మీద కూడా కాస్త అనుమానం రావలసిందే. ఆయనది కాకినాడ. పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఇరవై ఎనిమిదో ఏట ఒక ఓడ కెప్టెన్ దగ్గర కొన్న ఎర్రటి స్పోర్ట్సు కారది. రెండే సీట్లు, పైకప్పు లేదు, బారెడు ముక్కు. పెళ్ళి చేసుకోని మనిషి, ప్రేమంతా ఆ బండికే పెట్టాడు. ముసలితనంలో నాలుగో అంతస్తు ఫ్లాటులోకి మారితే కారుకి చోటు లేకపోయింది. శ్రీరామనవమి వెళ్ళిన వారానికి లారీలో ఎక్కించుకుని పిఠాపురం తెచ్చాడు.

"ఒరేయ్, చెవులు పెట్టి వినండి" అన్నాడు. "దీన్ని ఒరిజినల్‌గా ఉంచాలి. ఏదీ మార్చకూడదు. అనుమానం వస్తే ఇదిగో, కొన్న రోజు తీయించుకున్న ఫోటో. ఇందులో ఎలా ఉందో అలాగే ఉండాలి. కార్తీకంలో నాకు ఎనభై నిండుతాయి. ఆ రోజు నేనొచ్చి, ఇందులో కూచుని, ఉప్పాడ సముద్రం దాకా ఒక్కసారి వెళ్ళాలి. బండి సరిగ్గా ఉంటే తాళం గవర్రాజు చేతిలో పెడతాను. ఒక్క మార్పు కనబడిందా, తాళం సముద్రంలో పారేస్తాను."

ఫోటో పాతకాలపు నలుపు తెలుపుది. తీసినవాడు జోగారావు మీసం మీద పెట్టిన శ్రద్ధ బండి మీద పెట్టలేదు.

తాళం మాట గవర్రాజు గుండెల్లో దిగబడింది. పదేళ్ళప్పుడు ఒకే ఒక్కసారి ఆ కారులో పెదనాన్న పక్కన కూర్చుని ఉప్పాడ వెళ్ళాడు. ఆ గాలి ఇప్పటికీ మొహానికి కొడుతూనే ఉంది. బుర్ర తక్కువవాడైతే మాత్రం ఆశ ఉండదా? ఆ తాళం కోసం ప్రాణమైనా ఇచ్చేస్తాడు.

లారీ వెళ్ళగానే సన్యాసిరావు బండి చుట్టూ తిరిగాడు. "అన్నయ్యా, వెనక ఇంకో సీటు, లావుపాటి టైర్లు, ఓ పాటల డబ్బా పెడితే పెళ్ళికొడుకులా ఉంటుంది. ఈ కాలంలో అందరూ అలాగే మార్పిస్తున్నారు."

"నోర్ముయ్! బండిలో ఏదీ మార్చకూడదు. మార్చాలని దురదగా ఉంటే బండి కానిదాన్ని మార్చుకో."

అంతే. బండి గేటులో పట్టలేదు, గేటు పీకేశారు. ముక్కు వసారాలో పట్టలేదు, వంటింటి గోడ కొట్టేశారు. బండి ముక్కు తిన్నగా పొయ్యి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏవండీ, ఇప్పుడు నేను వంటెక్కడ చెయ్యను?" అంది గవర్రాజు పెళ్ళాం వరాలు.

"పొయ్యి మార్చొద్దని పెదనాన్న చెప్పాడా? లేదుగా. వీధిలో పెట్టుకో."

వరాలు కూడా ఆ ఇంటి కోడలే కదా, సబబే అనుకుని పొయ్యి వీధిలో పెట్టుకుంది. ఆ మర్నాడు ఇంటికొచ్చిన బండి మురికిగా ఉందని శుభ్రంగా కడిగింది.

గవర్రాజు చూసి నెత్తి బాదుకున్నాడు. "పెదనాన్న ఇచ్చిన దుమ్మే! దాన్ని కడిగేశావా? నీళ్ళెక్కడ పోశావు?"

"కరివేపాకు మొక్కకండీ."

ఇంకేముంది, మొక్కని వేళ్ళతో సహా పెరికారు. వేళ్ళు దులిపి, ఆ మట్టి ఎండబెట్టి, జల్లెడ పట్టి, బండి మీద చల్లారు. పులుసులోకి కరివేపాకు లేకపోయింది గానీ బండికి దుమ్ము తిరిగొచ్చింది.

ఆషాఢంలో ముందు చక్రం గాలి మెత్తబడింది. మెకానిక్ మస్తాన్ పంపు పట్టుకొచ్చాడు.

"ఆగు. ఆ పంపులో గాలి ఎప్పటిది?" అన్నాడు గవర్రాజు.

"ఎప్పటిదేంటండీ? ఇప్పటిదే."

"అయితే వద్దు. పెదనాన్న ఇచ్చిన రోజు గాలి ఉంటే కొట్టు."

మస్తాన్ ముగ్గురి మొహాలూ చూశాడు. "తోలకుండా, చూడకుండా ఇలా పెడితే తుప్పు పట్టిపోద్దండీ బాబూ. పాత బండంటే పూజ చేసేది కాదు, తిప్పేది."

"తుప్పు మేం పెట్టింది కాదు. దానంతటదే పట్టింది. అది ఒరిజినలే" అన్నాడు సన్యాసిరావు.

మస్తాన్ పంపు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. చంటి మాత్రం తెలివిగా చక్రం దగ్గర పాలిథిన్ సంచి పట్టి, పోతున్న గాలిని పోతున్నట్టే పట్టేశాడు. పదకొండు సంచులొచ్చాయి. దారంతో మూతులు బిగించి, ఏ చక్రానిదో చీటీ రాసి, దండేనికి వేలాడదీశారు. పేలితే పాపమని ఆ వైపు ఎవరూ తుమ్మలేదు.

ఆశ్వయుజం వెళ్ళిపోతోంది. గవర్రాజుకి ఆత్రం పట్టుకుంది. పెదనాన్న వచ్చేలోపు సరిచూసుకుందామని ఫోటో బయటికి తీశాడు. బండి పక్కన పెట్టాడు. మొహం పాలిపోయింది.

"ఒరేయ్ తమ్ముళ్ళూ! ఫోటోలో బండి బూడిదరంగురా! ఇది ఎర్రగా ఉంది!"

ముగ్గురూ కూలబడ్డారు. చివరికి చంటి తేల్చాడు. "ఎరుపు తర్వాతెవరో వేశారన్నయ్యా. మనం కనిపెడతామో లేదో అని పెదనాన్న పరీక్ష పెట్టాడు."

సన్యాసిరావుకి పండగే. మార్చాలన్న దురద ఏడు నెలలుగా ఉంది. ఇప్పుడది ధర్మమైపోయింది. దుమ్ము దులపకుండా దాని మీదే బూడిదరంగు పులిమేశాడు. గవర్రాజు మళ్ళీ ఫోటో చూసి సంతోషపడబోయాడు.

అప్పుడు చంటి గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, ఫోటోలో బండి సీటు దాకానే ఉంది. వెనక లేదు."

చూస్తే నిజమే. సీటు దగ్గర ఫోటో అంచు వచ్చేసింది. దాంతోపాటు బండీ అయిపోయింది.

"ఇంకా నయం, కనిపెట్టాం" అని గవర్రాజు చెమట తుడుచుకున్నాడు. ఇంకేముంది, ఇనప రంపం తెచ్చారు. దారంతో కొలుచుకుని, మూడు రోజులు వంతులవారీగా కోశారు. వెనక చక్రాలతో సహా ఆ ముక్క ఊడి పడింది. వరాలు దాన్ని కోళ్ళగూడుగా పెట్టుకుంది. మిగిలిన బండి వెనక్కి కూలబడితే కింద రోలు దూర్చారు.

పుట్టినరోజు నాడు జోగారావు ఆటో దిగాడు. కొత్త పంచె, చేతిలో కర్ర. ఆరేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు, కర్ర లేనిదే అడుగు పడదు. తాళం జేబురుమాల్లో మూటగట్టి గుండె దగ్గర పెట్టుకున్నాడు.

"ఏదిరా నా బండి?"

గవర్రాజు పొంగిపోతూ చెయ్యి చాపాడు. ముసలాయన చూశాడు. రోలు చూశాడు. అటు పక్క డిక్కీలోంచి తల బయటపెట్టిన కోడిని చూశాడు. కర్ర పక్కన పడేసి ఆ సీటులోనే కూలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"యాభై రెండేళ్ళురా! పిల్లలా చూసుకున్నాను! నా నోట్లో మట్టి కొట్టార్రా!"

"మట్టి బండి మీదే చల్లాం పెదనాన్నా. నోట్లో కొట్టలేదు" అన్నాడు చంటి.

గవర్రాజుకి ఏడుపొచ్చింది. ఇల్లు కొట్టుకుని, పొయ్యి పీక్కుని, గాలి పట్టుకుని ఇంత చేస్తే తాళం రాదా? ఎక్కడ తప్పిందబ్బా అని ఫోటో బయటికి తీసి, బండినీ ఫోటోనీ మార్చి మార్చి చూశాడు. బండి అంతా సరిగ్గానే ఉంది. సరిగ్గా లేనిది పెదనాన్నే.

"తెలిసిందిరా! ఫోటోలో పెదనాన్న మీసం నల్లగా ఉంది. సన్యాసీ, నల్లరంగు పట్టుకురా!"

రంగు బ్రష్షు మూతి మీద పడేసరికి జోగారావు ఏడుపు ఆగిపోయింది. "ఏం చేస్తున్నార్రా?" అని అరిచాడు.

"కదలకు పెదనాన్నా. నిన్ను కూడా ఒరిజినల్ చేస్తున్నాం" అన్నాడు గవర్రాజు.

చంటి ఫోటో మీదికి వంగాడు. బండిలో కూర్చుని తలుపు పైనుంచి కనబడుతున్న ఆ పడుచు జోగారావుని పరీక్షగా చూశాడు. "అన్నయ్యా, ఫోటోలో పెదనాన్న నడుం దాకానే ఉన్నాడు. కింద లేడు."

ముగ్గురి చూపులూ మెల్లగా రంపం వైపు తిరిగాయి.

అంతే! జోగారావు సీటులోంచి ఎగిరి గేటు పీకిన సందులోంచి బయట పడ్డాడు. "తాళం మీరే తీసుకోండ్రా, మీకో దండం!" అని మూట గవర్రాజు మొహాన కొట్టి, ఆటో కోసం కూడా చూడకుండా స్టేషను వైపు పరుగు లంకించుకున్నాడు. కర్ర బండిలోనే ఉండిపోయింది.

"ఫోటోలో కర్ర లేదు. చూశారా, పెదనాన్న చాలామటుకు ఒరిజినల్ అయిపోయాడు!" అన్నాడు సన్యాసిరావు.

గవర్రాజు మూట విప్పాడు. తాళం! కళ్ళకద్దుకున్నాడు, ముద్దు పెట్టుకున్నాడు. బండిలో పెట్టబోతూ, ఎందుకైనా మంచిదని ఫోటో చూశాడు. పెదనాన్న రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. తాళం ఎక్కడా లేదు.

వాడి గుండె పగిలింది. అయినా నూకలవారి మాటంటే మాటే. ముగ్గురూ ఉప్పాడ బస్సెక్కారు. గవర్రాజు కళ్ళు తుడుచుకుని, చేయి చాచి, తాళాన్ని సముద్రంలోకి విసిరేశాడు.

"పెదనాన్న అన్న పనేగా. పెద్దాయన ఇంతదూరం రాలేడని మనం చేసిపెట్టాం" అని తమ్ముళ్ళు ఓదార్చారు.

తిరిగొచ్చి గేటు లేని గేటు దగ్గర కాలు లోపల పెట్టబోతుంటే చంటి అడ్డుపడ్డాడు. "అన్నయ్యా, ఫోటోలో మనం ముగ్గురం లేం."

ఇప్పటికీ వాళ్ళు వీధిలోనే ఉంటున్నారు. వరాలు అన్నం అక్కడికే తెచ్చి పెడుతోంది. పొయ్యి మాత్రం మళ్ళీ లోపల బండి ముక్కు మీద పెట్టుకుని వండుకుంటోంది. అది కూడా ఫోటోలో లేదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.