మునగని చిప్ప

ఎర్రకొండ కింద ఒక కుంట ఉంది. చిన్నదే. మంచి వానలు పడిన ఏడు కూడా ఎద్దు కడుపు దాకా నిండితే గొప్ప. కానీ దాని అడుగున ఒక ఊట ఉంది. చుట్టుపక్కల వాగులూ వంకలూ ఎండిపోయినా ఆ ఊట మాత్రం రోజుకింత అని ఊరుతూనే ఉండేది. దాన్ని నమ్ముకుని నాలుగు జంతువులు నాలుగు మడులు చేసుకుంటున్నాయి. తూముకు దగ్గరగా కోడి కొర్రమడి, దాని తర్వాత మేక అవిశమొక్కలు, ఆపైన నక్క పుచ్చతీగలు. అన్నిటికీ చివర, కాలువ ఆగిపోయే చోట, ఎద్దు జొన్నచేను.

తూము తీయడం, మూయడం తాబేలు పని. దాని వయసెంతో దానికే తెలీదు. అందరూ అవ్వా అనేవాళ్ళు. నీళ్ళు కొలవడానికి అవ్వ దగ్గర ఒక పాత పద్ధతి ఉండేది. సగం టెంకాయ చిప్పకు అడుగున ముల్లు మొనంత చిల్లు. నీళ్ళ మీద వదిలితే చిల్లులోంచి నీరు కొంచెం కొంచెంగా ఎక్కి, చిప్ప నిండి మునిగిపోతుంది. అది మునిగేంతసేపు ఒకరి వంతు. బుడుంగుమనగానే తూము మూత. ఎవరి చిప్ప వాళ్ళదే. విత్తనం వేసేముందు అవ్వ అన్ని చిప్పల్నీ ఒక్కసారే వదిలి, అన్నీ ఒక్కసారే మునిగేలా సరిచూసి ఇచ్చేది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. అవ్వ అందర్నీ కట్ట మీదికి పిలిచింది.

"ఉన్న నీళ్ళు రెండు తడులకు వస్తాయి. మూడో తడి మాట ఎత్తకండి. కాలువకు బంకమన్ను మెత్తండి, దారిలో నేల తాగేయకుండా. మొక్కల మొదళ్ళలో ఎండుటాకు పరవండి."

"పరుస్తాను గానీ అవ్వా," అంది మేక, "తినకుండా పరవాలంటేనే కష్టం."

అందరూ నవ్వారు, ఎద్దు తప్ప.

"నాకు రెండో తడి తప్పకుండా అందాలవ్వా," అంది ఎద్దు. "జొన్న అప్పటికి పొట్ట మీదుంటుంది. అప్పుడు ఎండిందంటే గింజా లేదు, చొప్పా లేదు. మేత కోసం కొండ దాటి పోవాల్సిందే. ఈ వయసులో పోతే మళ్ళీ వస్తానని చెప్పలేను."

"నువ్వు పోతే మా మడులెవరు దున్నుతారు మామా?" అంది కోడి కంగారుగా. "నా కాళ్ళతో గీరితే కొర్ర మొలుస్తుందా?"

"ఎవరి వంతు వాళ్ళకు అందుతుంది," అంది అవ్వ. "చిప్ప ఉన్నది అందుకే."

నక్క మాత్రం కొండరాళ్ళ సందులో ఉన్న తేనెపట్టు గురించి ఆలోచిస్తోంది. తేనె గురించి కాదు. మైనం గురించి.

మొదటి తడి రోజు వచ్చింది. కోడి వంతు అయింది, మేక వంతు అయింది. నక్క తన చిప్పను నీళ్ళ మీద వదిలి, తోక ఊపుకుంటూ మడి దగ్గరికి పోయింది. వంతు ఉన్నవాళ్ళు కాలువ వెంట నీళ్ళు మళ్ళించుకోవాలి, మిగతావాళ్ళు తమ మడుల్లో పనులు చూసుకోవాలి. కుంట దగ్గర ఉండేది అవ్వ ఒక్కతే, అదీ సగం నిద్రలో. చిప్పను వదిలేముందే నక్క చిల్లుకు చిటికెడు మైనం అద్దింది. పూర్తిగా మూయలేదు, సన్నం చేసింది. మామూలుగా ఒకసారి మునిగే చోట చిప్ప మూడింతలసేపు తేలింది.

అవ్వకు అనుమానం వచ్చి నీళ్ళలోకి దిగేసరికే ఆలస్యమైంది. మంచి చిప్ప కింద నిలబడి పైకి చూస్తే, చిల్లులోంచి నీరు దారంలా ఎక్కుతూ కనిపిస్తుంది. ఈ చిప్పకు దారం లేదు, పసుపుపచ్చని చుక్క ఉంది. అవ్వ దాన్ని చూసింది. పైకొచ్చి తూము మూసింది. చిప్పను అలాగే నక్కకు ఇచ్చేసింది.

ఎద్దు వంతు వచ్చేసరికి కుంటలో నీళ్ళు తూము పెదవికి దిగిపోయాయి. కాలువలో వచ్చింది సన్నటి ధార.

"సగం చేనే తడిసిందవ్వా," అంది ఎద్దు.

"కాలువ పగుళ్ళు తాగేసుంటాయి మామా," అంది నక్క సానుభూతిగా. "చివరి మడికి ఎప్పుడూ ఇదే కష్టం. పైన నీళ్ళు పారితే కింద ప్రార్థన చేసుకోవాలి."

"నువ్వూ చేసుకో బావా," అంది మేక. "నీ మడిలో కప్పలు ఈదుతున్నాయి మరి!"

"నా నేల మంచిది. తాగినంత నిలుపుకుంటుంది," అంది నక్క.

ఇరవై రోజులు గడిచాయి. ఊట మెల్లగా కుంటను కొంత నింపింది. ఎద్దు చేనులో తడిసిన సగం జొన్న పొట్టకొచ్చింది. మిగతా సగం ఆకులు చుట్టచుట్టుకుని నిలబడింది. ఎద్దు రోజూ గట్టు మీద నిలబడి కొండ వైపు చూసేది. కోడికి ఆ చూపు అర్థమయ్యేది.

రెండో తడికి నక్క ఇంకొంచెం ధైర్యం చేసింది. 'పోయినసారి ఎవరూ కనిపెట్టలేదు. ఈసారి చిల్లు పూర్తిగా మూసేస్తాను. అసలెందుకు మునగాలి? నాకు చాలనిపించినప్పుడు నేనే వచ్చి కాలితో ముంచుతాను.'

పొద్దు పొడవగానే నలుగురూ చిప్పలతో వచ్చారు. అవ్వ నాలుగూ తీసుకుని తన కాలి కింద పెట్టుకుంది. అప్పుడు నోరు విప్పింది.

"ఊట బలహీనంగా ఉంది. వెంటవెంటనే పారిస్తే కోడికీ మేకకూ వస్తాయి, కిందివాళ్ళకు రావు. అందుకని ఈసారి పద్ధతి మారుస్తున్నా. ఒక్కొక్కరి వంతుకు ముందు తూము మూసి ఉంచుతాను, ఊట ఊరడానికి. ఎవరి వంతుకు వాళ్ళ చిప్ప వదులుతాను. అది మునిగేదాకా ఆగాలి. మునిగాక తూము తీస్తాను. పారే నీళ్ళను నా చిప్పతో కొలుస్తాను."

నక్క చెవులు వాలిపోయాయి.

"అవ్వా, నా చిప్ప ఒకసారి ఇస్తావా? మట్టి అంటుకుంది, కడుక్కొస్తాను."

"నీళ్ళలో వేసేదాన్ని కడగడమెందుకు బావా?" అంది మేక. "ఎట్లాగూ స్నానం చేస్తుంది కదా."

కోడి చిప్ప వదిలారు. మునిగింది. కోడి మడి తడిసింది. మేక చిప్ప మునిగింది, మేక మడి తడిసింది. మూడోది నక్క చిప్ప. అవ్వ దాన్ని నీళ్ళ మీద మెల్లగా వదిలింది. పని అయిపోయిన కోడీ మేకా కూడా, ఈ కొత్త పద్ధతి ముచ్చటగా ఉందని, కట్ట మీదే కూర్చున్నాయి.

చిప్ప తేలింది. తేలుతూనే ఉంది. బాతుపిల్లలాగా అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఎండెక్కింది.

"ఏంది బావా, నీ చిప్పకు మునగడం ఇష్టం లేనట్టుందే," అంది మేక.

"తొందరేముంది? ఊట ఊరుతోంది కదా, మంచిదే," అంది నక్క. దాని నాలుక బయటికి వేలాడుతోంది.

"చిల్లు పూడిందేమో, తీసి చూద్దామా?" అని కోడి లేచింది.

"ముట్టుకోకు!" నక్క ఎగిరి అడ్డం నిలబడింది. "ముట్టుకుంటే కొలత చెడిపోతుంది. పద్ధతి పద్ధతే."

"ఆ మాట నిజం," అంది అవ్వ కళ్ళు మూసుకునే.

మధ్యాహ్నం అయింది. పొద్దు పడమటికి తిరిగింది. నక్క చిప్పను చూస్తుంది, అవ్వను చూస్తుంది, తన మడి వైపు చూస్తుంది. నిజం చెబితే పోయినసారి సంగతీ బయటపడుతుంది. చెప్పకపోతే ఆ చిప్ప వచ్చే ఏడు వానలకు కూడా మునగదు. ఎద్దు మాత్రం తన వంతు కోసం నిలబడే ఉంది.

"ఆగలేనివాళ్ళు వంతు వదులుకోవచ్చు," అంది అవ్వ, ఎవరితోనో అన్నట్టు. "పక్కవాళ్ళకు ఇచ్చేయవచ్చు."

నక్క గొంతు సవరించుకుంది. "నేనూ అదే అనుకుంటున్నానవ్వా. ఎద్దు మామ జొన్న పొట్ట మీదుంది. నా పుచ్చతీగలదేముంది! నా వంతు కూడా మామకే ఇచ్చేయండి."

కోడి రెక్కలు కొట్టుకుంది. మేక వచ్చి నక్క భుజానికి తల రాసింది. ఎద్దు మెల్లగా నడిచొచ్చి నక్క ముందు తల వంచింది.

"అల్లుడూ, నిన్ను నేను ఒకటి రెండుసార్లు మనసులో తిట్టుకున్నాను. తప్పయింది. నీ మేలు ఉన్నన్నాళ్ళూ మరచిపోను."

నక్క జీవితంలో ఎవరూ దానికి అలా దండం పెట్టలేదు. తిట్లు తినడం దానికి అలవాటే. ఇది మింగుడుపడలేదు.

అవ్వ ఎద్దు చిప్ప వదిలింది. అది చక్కగా మునిగింది. పొద్దంతా ఊరిన నీళ్ళు, రెండు వంతులు కలిపి, చల్లటి వేళలో చివరి మడికి పారాయి. చుట్టుకుపోయిన జొన్నాకులు తెల్లారేసరికి విచ్చుకున్నాయి.

ఆ తర్వాత కోడి అవ్వ దగ్గరికి చేరింది. నీళ్ళ మీద ఇంకా తేలుతున్న చిప్పను ముక్కుతో తిరగేసి, చిల్లులో మైనం చూసి, నోరు తెరిచింది.

"నీకు ముందే తెలుసా అవ్వా! మరి అప్పుడే పట్టుకోలేదేం?"

"పట్టుకుంటే తేనెటీగ పెట్టిందంటాడు. నాలుగు రోజులు వాదన. ఈలోగా జొన్న ఎండుతుంది. నాకు కావలసింది వాడి ఒప్పుకోలు కాదు, నీళ్ళు."

"ఎద్దు మామకు చెప్పనా?"

"ఎందుకు? ఆయన చేను తడిసింది. పెట్టిన దండం వృథా కాలేదు, సరైన మడికే చేరింది. నోరు మూసుకుని పోయి ఆకు పరుచు."

నక్క పుచ్చకాయల్లో సగం మొదటి తడికి నీళ్ళెక్కువై పగిలిపోయాయి. మిగతా సగం రెండో తడి లేక పిడికిలంతే మిగిలాయి. జొన్న మాత్రం బాగా పండింది. ఎద్దు చొప్ప వామి వేసి, పనిగట్టుకుని నక్కను పిలిచింది.

"అల్లుడూ, వామిలో ఎలుకలు చేరతాయి. అవన్నీ నీవే. నీడా నీదే. ఎండలు పోయేదాకా ఇక్కడే ఉండు."

నక్క ఆ వేసవి ఆ వామి నీడలోనే గట్టెక్కింది. ఎలుకను పట్టిన ప్రతిసారీ ఎద్దు వైపు ఒకసారి చూసి తినేది.

కొత్త మబ్బులు వచ్చిన రోజు అది అవ్వ దగ్గరికి వెళ్ళి తల దించుకుని నిలబడింది. అవ్వ చిప్ప తీసి ముందు పెట్టింది.

"మైనం నేను తీయనా, నువ్వు తీసుకుంటావా?"

"నేనే తీసుకుంటానవ్వా."

నక్క గోటితో గీకింది. ఒక్క పిసరు కూడా మిగలకూడదని గట్టిగా గీకింది. చిల్లు కాస్త పెద్దదైంది.

ఆ ఏడు అవ్వ చిప్పలన్నీ ఒక్కసారే వదిలి సరిచూస్తుంటే అన్నిటికన్నా ముందు మునిగింది నక్కది.

"బావా, నీది తొందరగా మునిగింది. వేరే చిప్ప తెచ్చుకో," అంది మేక.

"ఉండనీ మరదలా," అంది నక్క. "నాకు చాలు. మిగిలితే కింద మామకు పారుతుంది."

అవ్వ కళ్ళు తెరిచి, ఆ చిప్పను అలాగే తీసి దానికిచ్చింది.

నీతి: అందరూ నమ్మే కొలతకు మైనం పెడితే, నీ వంతు దగ్గరే అది మునగనంటుంది.