నీళ్లనావకు తగిన పేరు

ధ్రువపురి రాజ్యానికి చుక్కల మధ్య తిరిగే యుద్ధనావలు నలభై ఉండేవి. సేనాపతి రణధీరవర్మ వాటిని చేసే పనినిబట్టి విడదీసి పట్టిక రాశాడు. ఫిరంగులున్నవి పోరునావలు, ముందు వెళ్లి చూసొచ్చేవి వేగునావలు, తానెక్కేది నాయకనావ. దండుకు నీళ్లు మోసే గవరమ్మ నావ ఎందులోనూ ఇమడలేదు. దాన్ని ‘తోకనావ’ అని రాసి, విరగ్గొట్టడానికి శుక్రవారానికల్లా రేవులో అప్పగించమని తాఖీదు పంపాడు.

ఇరవై ఏళ్లుగా ఆ నావే ఇల్లయిన గవరమ్మ తాఖీదు పట్టుకుని సేనాపతి దగ్గరికి వెళ్లింది. వినయంగా అడిగింది.

“అయ్యగారూ, నాయకనావంటే ఏదండీ?”

“ఏది వెనక్కి తిరిగితే మిగతావన్నీ తిరగక తప్పదో, అది,” అన్నాడు సేనాపతి.

బుధవారం దండు సరిహద్దుకు బయల్దేరింది. గవరమ్మా వెంట వెళ్లింది. గురువారం మధ్యాహ్నం చడీచప్పుడు లేకుండా నావ తిప్పి రేవు దారి పట్టింది. కాసేపటికి వేగునావలు, తర్వాత పోరునావలు, చివరికి సేనాపతి నావ కూడా గొంతులెండిపోయి ఆమె వెనకే రేవుకు చేరాయి.

“దండును ఎవరు తిప్పారు?” అని రాజు నిలదీశాడు.

“నేనెవర్నీ రమ్మనలేదు మారాజా,” అంది గవరమ్మ. “శుక్రవారానికల్లా నావ అప్పగించమన్నారు, తెచ్చాను. నేను తిరిగితే వీళ్లంతా ఎందుకు తిరిగారో నాకేం తెలుసు? అలాంటి నావను ఏమంటారో సేనాపతిగారికే తెలియాలి.”

రాజు సేనాపతి వైపు చూశాడు. చెప్పక తప్పలేదు. చెప్పాక, పట్టికలో నాయకనావ అన్నచోట తన నావను తానే కొట్టేసి, గవరమ్మ నావను రాశాడు.

మర్నాడు దండు మళ్లీ కదిలింది. గవరమ్మ అందరికంటే ముందు, కాస్త నెమ్మదిగానే నడిపింది. దాటిపోవడానికి ఎవరూ తొందరపడలేదు.