దాలమ్మ ఒడిలో మూడు గుడ్లు

అనగా అనగా ఒక కొండ. ఆ కొండ కింద పారే ఒక గెడ్డ. ఆ గెడ్డ ఒడ్డున ముప్పై గడపల ఊరు. ఎప్పటి సంగతని మాత్రం అడగకండి. మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పింది, ఆవిడకి ఇంకెవరో చెప్పారు. మీరు ఊ కొడుతూ ఉంటే నేను చెబుతూ ఉంటాను. కునికిపాట్లు పడ్డారో, కథ అక్కడే ఆపేస్తాను.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. పొలం మగవాడిది, ఎడ్లు మగవాడివి, ఇల్లూ మగవాడిదే. కోడి మాత్రం ఆడదానిది. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు సారెతో పాటు ఒక పెట్టని బుట్టలో పెట్టి పంపేవారు. ఆ పెట్ట పెట్టిన గుడ్లు ఆ పిల్లవే. గాజులు కావాలన్నా, బిడ్డకి జ్వరం వస్తే మందు కావాలన్నా, మొగుడి మొహం చూడకుండా సంతలో గుడ్లిచ్చి తెచ్చుకునేది.

ఆ ఊళ్ళోనే దాలమ్మ ఉండేది. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఊరి చివర పూరి గుడిసె, ఒక పెట్ట, వాళ్ళింట్లో వీళ్ళింట్లో దంచుకు బతికే రెండు చేతులు. అంతే దాలమ్మ.

ఒక ఏడు ఊరికి కీడు మూడింది. పైనుంచి గద్ద దిగింది. కంచె కిందనుంచి ముంగిస దూరింది. కొండ మీదనుంచి నక్క వచ్చింది. గద్ద కోడిపిల్లని తన్నుకుపోయింది. ముంగిస పెట్ట పీక కొరికింది. నక్క కోళ్ళతో ఆగలేదు, మేకపిల్లల్ని కూడా ఈడ్చుకుపోయింది. కోళ్ళు పోయినన్నాళ్ళూ మగాళ్ళు పట్టించుకోలేదు. మేకపిల్ల పోయేసరికి పంచాయితీ పెట్టారు.

ఊరి పెద్ద గౌరునాయుడు మీసం దువ్వుకుని చెప్పాడు. "కోడుంటే నక్కొత్తాది. నక్కొత్తే మేకపిల్ల పోతాది. శ్రావణం నాటికి ఊళ్ళో కోడన్నది ఉండకూడదు."

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తమ సొంతమని చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే. అందరికంటే వెనకాల కూచున్న దాలమ్మ లేచింది.

"నాయుడుబావు! దొంగొచ్చాడని ఇంటోళ్ళని ఎల్లగొడతారేటి? నా పెట్ట పొదుగుకొచ్చింది. శ్రావణం దాకా పిల్లల్ని పెంచి సూపిత్తాను. ఒక్కటీ పోదు."

"పోతే?"

"ఒక్కటి పోయినా నా కోళ్ళగూడు నా సేత్తోనే పీకేత్తాను. ఊళ్ళో ఆడోళ్ళందరి సేతా పీకించుకోండి."

ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. అందరి కోళ్ళూ తెచ్చి తన ఒక్క పెట్ట కాళ్ళకి కట్టేసింది కదా దాలమ్మ! కానీ అనేసిన మాట అనేసింది. నాయుడు సరేనన్నాడు.

అది మాఘమాసం. కోతలైపోయిన మళ్ళలో రాలిన గింజలు మేపుకుంటూ ఊరూరా తిరిగే బాతులవాడు ఒకడు అటు వచ్చాడు. దాలమ్మ వాడికి ముంతెడు అంబలి పోసింది. పోసి అడిగింది. "నీ బాతుల్ని నక్కెత్తుకుపోదేటి, నాయనా?"

వాడు నవ్వి మంద మధ్యలో మెడలు నిక్కించుకు నిలబడ్డ రెండు పక్షుల్ని చూపించాడు. తెల్లగా, నిలువెత్తు మెడతో, ఊరి కరణంలాగా నడుస్తున్నాయి. "అయి పెద్దబాతులు తల్లీ. అయి ఉన్నంతసేపూ నా దగ్గరకి మనిసే రాలేడు, నక్కేటొత్తాది? గుడ్లోంచి రాగానే ఎవుల్ని సూత్తే ఆలే దానికి సొంతోళ్ళు. ఆల కోసం పేణం పెడతాది."

పోతూ పోతూ ఆ పెద్దబాతు గుడ్లు మూడు దాలమ్మ చేతిలో పెట్టాడు. ఒక్కొక్కటీ గుప్పిట్లో పట్టనంత గుడ్డు.

దాలమ్మ బుట్టలో ఊక పోసి, ఏడు కోడిగుడ్లూ మూడు బాతుగుడ్లూ కలిపి పెట్టి, పెట్టని పొదగేసింది. గోడ మీద రోజుకొక బొగ్గుగీత గీసింది. ఇరవయ్యొక్క గీతలయ్యాయి. ఏడు కోడిపిల్లలూ బయటికొచ్చాయి. బాతుగుడ్లు మాత్రం ఉలకలేదు, పలకలేదు. పెట్ట తన పిల్లల్ని వెంటేసుకుని లేచిపోయింది.

బాతుగుడ్డు నెల రోజులు పొదగాలని దాలమ్మకి తెలియదు. బాతులవాడిని అడగనూ లేదు. గుడ్డంటే ఇరవయ్యొక్క రోజులు, అది లోకానికంతకీ ఒకటే లెక్క అనుకుంది. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరైనా అలాగే అనుకునేవారు. గడువు దాటిన గుడ్డు ఇంట్లో ఉంటే అరిష్టమని గెడ్డలో పారెయ్యడం అక్కడి ఆనవాయితీ.

దాలమ్మ గుడ్లు తీసుకుని గెడ్డ దాకా వెళ్ళింది. చేతిలో ఇంకా వెచ్చగా ఉన్నాయి. చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ వినపడలేదు. అయినా పారెయ్యబుద్ధి కాలేదు. పాత చీర చింపి, మూడింటినీ చుట్టి, కడుపుకి కట్టుకుని వెనక్కి తిరిగి వచ్చేసింది.

మర్నాడు గెడ్డ దగ్గర పొరుగింటి పోలమ్మ చూసి పకపకా నవ్వింది. "ఏటే దాలమ్మా! ఎన్నో నెలే? ఈ వయసులో నీకేటీ పని? ఒగ్గేయే, గెడ్డలో పారేయే!"

అందరూ నవ్వారు. బిడ్డలు లేని మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిందె ఎత్తుకుని ఒక్కటే అంది. "ఇంకొక్క పొద్దు సూత్తాను."

మూడోనాడు మరిది గుమ్మంలోకొచ్చి కేకలేశాడు. "కుళ్ళుగుడ్లు కట్టుకు తిరగతావేటి ఒదినా! ఊరికి అరిష్టం. ఒగ్గేయ్!"

"ఇంకొక్క పొద్దు సూత్తాను," అంది దాలమ్మ.

ఆరోనాడు గౌరునాయుడే ఎదురుపడ్డాడు. "దాలమ్మా, ఓడిపోయానని ఒప్పుకో. తప్పేటి నేదు. ఒగ్గేయ్."

"ఇంకొక్క పొద్దు సూత్తాను, నాయుడుబావు."

బోర్లా పడుకోలేదు. పక్కకి ఒత్తిగిల్లలేదు. గోడకి ఆనుకునే కునుకు తీసింది. దంపుడికి వెళ్ళినా వంగకుండా ఒంటిచేత్తోనే రోకలి వేసింది. తొమ్మిదోనాడు నాయుడుగారి పెరట్లోనే వడ్లు దంచుతుంటే కడుపు దగ్గర టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. రోకలి పక్కన పడేసి దాలమ్మ నేల మీద చతికిలబడింది. మూట విప్పేసరికి ఒక గుడ్డుకి చిల్లు పడి, అందులోంచి ముక్కు కనిపించింది. ముప్పై గడపలకీ వినపడేలా ఏడ్చింది దాలమ్మ. సంతోషంతో అంత గట్టిగా ఏడవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. పోలమ్మ పరిగెత్తుకొచ్చి దాలమ్మ వీపు నిమిరింది.

రెండు గుడ్లు పిల్లలయ్యాయి. మూడోది నిజంగానే మురిగింది. దాన్ని గెడ్డలో పారేశారు.

ఆ రెండూ కళ్ళు తెరిచి దాలమ్మని చూశాయి, గుడిసెకి తెచ్చాక పెట్టని చూశాయి, ఏడు కోడిపిల్లల్ని చూశాయి. ఇదే మా ఇల్లు అనుకున్నాయి. అవి ఎదిగేదాకా రెండు నెలలు దాలమ్మే కర్ర పట్టుకుని వాకిట్లో కాపలా కూచుంది. తిండి తిన్నా అక్కడే, తల దువ్వుకున్నా అక్కడే. ఆ తర్వాత కాపలా బాతులు తీసుకున్నాయి.

గద్ద వచ్చింది. బాతులు మెడలెత్తి కొమ్ముబూరాలు ఊదినట్టు అరిచాయి. పిల్లలన్నీ వాటి పొట్టల కిందికి దూరాయి. గద్ద ఒట్టి కాళ్ళతో పోయింది.

ముంగిస వచ్చింది. మగబాతు దాని తోక పట్టి విసిరికొట్టింది. ముంగిస మళ్ళీ ఆ కంచె వైపు చూడలేదు.

శ్రావణానికి ఇంక రెండు రోజులుందనగా, పొద్దు పొడుస్తున్న వేళ, నక్క వచ్చింది. నక్కంటే ముంగిస కాదు. కంచె తోసుకుని తిన్నగా లోపలికొచ్చింది. బాతులు రెండూ రెక్కలు విప్పి, బుసకొడుతూ, కోళ్ళకీ నక్కకీ మధ్య నిలబడ్డాయి. నక్క ఆడబాతు రెక్క పట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు లోపలున్న దాలమ్మకి వినపడింది. అయినా ఆ బాతు పక్కకి తప్పుకోలేదు. మగబాతు నక్క కళ్ళ మీద పదేపదే పొడిచింది. దాలమ్మ జుట్టు విరబోసుకుని రోకలి ఎత్తుకొచ్చింది.

"నా పిల్లల్ని ముట్టుకుంటావే! రా!" అంటూ నడుం మీద ఒక్కటిచ్చింది. నక్క కుయ్యోమంటూ కొండెక్కింది. మళ్ళీ దిగిందని ఎవరూ చెప్పలేదు.

ఆ గోలకి ఊరంతా వచ్చింది. గౌరునాయుడు వంగి పెట్ట పిల్లల్ని లెక్కపెట్టాడు. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడే. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దాలమ్మా, కోళ్ళుండనీ. ఎవలూ గూడు పీకక్కర్నేదు. వచ్చే ఏడు నాకూ ఆ బాతుగుడ్లు రెండివ్వు."

దాలమ్మ విరిగిన రెక్కకి పసుపు పెట్టి గుడ్డ చుడుతూ తలెత్తింది. "నీకివ్వను నాయుడుబావు. మీ ఇంటిదానికిత్తాను."

ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. ఈసారి ఆ నవ్వులో దాలమ్మ కూడా కలిసింది.

తర్వాత దాలమ్మ చాలా ఏళ్ళు బతికింది. ముప్పై గడపలకీ గుడ్లిచ్చింది. పెట్ట కింద ముందు బాతుగుడ్లు పెట్టి, తొమ్మిది రోజులాగి కోడిగుడ్లు పెడితే అన్నీ ఒక్కనాడే లేస్తాయని అందరికీ నేర్పింది. ఆవిడ పోయిన రోజున ఊళ్ళో ఏ ఆడదీ పొయ్యి రాజెయ్యలేదు. పోలమ్మ అయితే మూడు రోజులు మెతుకు ముట్టలేదు.

ఇప్పటికీ ఆ గెడ్డ ఒడ్డు ఊళ్ళలో పెట్టని పొదగేస్తే, ఆ మొదటి తొమ్మిది రోజుల్నీ దాలమ్మ పొద్దులు అంటారు. ఆ పొద్దుల్లో ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఎగతాళి చెయ్యకూడదు. పెళ్ళికూతుర్ని పంపేటప్పుడు పెట్టతో పాటు రెండు బాతుపిల్లల్ని కూడా పెట్టి పంపుతారు. మగపెళ్ళివారి గుమ్మంలో అత్తగారు అడుగుతుంది, "ఈ బాతులెందుకే పిల్లా?" అని. జవాబు ఎవరూ అందించకూడదు. తల వంచుకోకుండా పెళ్ళికూతురే చెప్పాలి.

"ఇయి మా దాలమ్మ పిల్లలు. నా కోళ్ళని కాయడానికి నాతో వచ్చాయి."

ఆ మాట వినపడ్డాకే లోపలికి దారిస్తారు.