బూడిదరంగు బూట్లు

నూకరత్నానికి నెల రోజులుగా ఒకటే కల. నారింజరంగు బూట్లు రెండు సముద్రం మీద పరిగెడుతూ పోతుంటాయి. వాటిలో కాళ్ళుండవు. వెనకాల తను ఒట్టికాళ్ళతో పరిగెడుతుంది. అలలు చప్పుడు చెయ్యవు. ఎంత పరిగెత్తినా ఆ బూట్లు అంతే దూరంలో ఉంటాయి. మెలకువ వచ్చి చూసుకుంటే కాళ్ళు నిజంగానే నొప్పి పెడుతుంటాయి.

ఆ బూట్లు టౌనులో ఒక అద్దాల షాపులో ఉన్నాయి. ఆరువేల రూపాయలు. కిందటేడు కానిస్టేబుల్ ఉద్యోగాల పరుగులో అందరికంటే ముందొచ్చిన అమ్మాయి కాళ్ళకి అవే ఉన్నాయి. రత్నం దగ్గరున్నది పద్దెనిమిది వందలు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి కూడబెట్టింది.

అదే పరుగులో రత్నానికి ఆరు సెకన్ల తేడాతో ఉద్యోగం పోయింది. ఈసారీ పోతే రొయ్యల ఫ్యాక్టరీలో తలలు వలిచే పనికి చేరాలని ఇంట్లో మాటైపోయింది. పరుగుకి ఇంకా ఇరవై రోజులుంది.

ఆ పల్లెలో పరుగు నేర్పేది పోలయ్య గురువు. ఆయనకి డెబ్భై దాటాయి. వయసులో ఉండగా చేపల కావిడి భుజాన వేసుకుని, ఒడ్డు నుంచి టౌను బజారుకి పన్నెండు మైళ్ళు పరుగు మీద వెళ్ళేవాడు. చేప మెత్తబడేలోగా చేరాలి కదా. ఐసు లారీలు వచ్చాక కావిడి దించి ఇసకదిబ్బ మీద పాక వేసుకున్నాడు. సాయంత్రం తత్వాలు చెబుతాడు, పొద్దున్న పరుగు నేర్పుతాడు. రెండింటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, పరుగులో చెమట పడుతుందంటాడు. ఆయనకి పిచ్చని కొందరు, సిద్ధుడని కొందరు. మిట్టమధ్యాహ్నం కాలిపోయే ఇసకలో చెప్పుల్లేకుండా తాపీగా నడిచి రావడం చూశామని రెండోవాళ్ళు సాక్ష్యం చెబుతారు. ఏ పల్లెలోనైనా ఇలాంటి విషయాల్లో రెండు పార్టీలు తప్పవు.

నేర్పడంలో కూడా ఆయన పద్ధతి వేరు. మార్గశిర మాసపు పొగమంచులోనే పరిగెత్తమంటాడు. అప్పుడు ఎదర ఏదీ కనబడదు. పడవలు అడుగుభాగం లేకుండా గాల్లో తేలుతుంటాయి. వల లాగేవాళ్ళ పాట ఎటునుంచి వస్తోందో తెలీదు. ఎంత దూరం వచ్చామో, ఇంకా ఎంత ఉందో తెలియనప్పుడు మనిషి వేసే అడుగులోనే ఉంటాడని ఆయన లెక్క. ఆ మంచులో పరిగెడుతుంటే తను మేలుకునే ఉందా అని రత్నానికి అనుమానం వచ్చేది. రోజు మొత్తంలో ఆమెకి ఇష్టమైన వేళ అదే.

ఒకరోజు పరుగయ్యాక ఆయన పాదాలకి దణ్ణం పెట్టి బూట్ల సంగతి ఎత్తింది. అచ్చం ఆ నారింజరంగువాటిలాంటివే బస్టాండు పక్క షాపులో పదిహేడు వందలకి వచ్చాయట. పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదట. కొనమంటారా అని అడిగింది.

గురువు అవునూ కాదూ అనలేదు. కిందటేటి బూట్లు పట్టుకురమ్మన్నాడు.

అవి రత్నం మేనమామ విశాఖపట్నం నుంచి తెచ్చినవి. ఊరెళ్ళేవాళ్ళ చేత చెప్పులు తెప్పించుకోవాలంటే ఆ పల్లెలో చీపురుపుల్ల పంపుతారు. మడమ నుంచి బొటనవేలి దాకా పుల్ల ఆనించి, మిగతాది విరిచేసి, ఆ ముక్క వెళ్ళేవాళ్ళ చేతిలో పెడతారు. షాపువాడు పుల్లని చెప్పులో పెట్టి చూసి సరిపోయిందంటాడు. అలా కొన్న చెప్పు కరవని కాలు ఆ ఊళ్ళో లేదు. కరిస్తే కొబ్బరినూనె రాసుకుంటారు గాని, పుల్లని మాత్రం ఎవరూ అనుమానించరు. రత్నం బూట్లు కూడా పుల్లకి కచ్చితంగా సరిపోయాయి. పరుగు రోజున మూడో చుట్టు తిరిగేసరికి రెండు చిటికెనవేళ్ళ గోళ్ళూ లేచిపోయాయి. ఆ ఆరు సెకన్లూ అక్కడే పోయాయి.

గురువు ఆ బూట్లని అటూ ఇటూ తిప్పి చూశాడు. పొడుగు బాగానే ఉంది, పక్కలు మాత్రం పిగిలిపోయాయి. అప్పుడే అల వెనక్కి పోయిన తడి ఇసకలో రత్నాన్ని నిలబడి పక్కకి రమ్మన్నాడు. పాదం అచ్చు పడింది. ముందువైపు విసనకర్రలా వెడల్పుగా, నడుమ వంపన్నదే లేకుండా ఉంది. గురువు ఆ అచ్చు మీద బూటు పెట్టాడు. రెండు పక్కలా అచ్చు బయటికి కనబడింది. ఇద్దరూ దాన్నే చూస్తుండగా ఇంకో అల వచ్చి అచ్చు తీసుకుపోయింది. బూటుని గురువు పైకెత్తి పట్టుకున్నాడు.

టౌనుకి మర్నాడు వెళ్దామన్నాడు. పొద్దుటి బస్సుకే అని రత్నం తొందరపడింది. పొద్దుటి కాలు అబద్ధం చెబుతుందని ఆయన ఒప్పుకోలేదు. గంప దించి వచ్చాక సాయంత్రానికి ఉబ్బిన కాలే పరుగులో ఉండే కాలట.

బస్టాండు పక్క షాపాయన నారింజరంగు జత తీసి బల్ల మీద పెట్టాడు. ట్యూబులైటు వెలుగులో అవి తళతళలాడాయి. రత్నానికి కలలో చూసినవి ఎదుట నిలబడినట్టే అనిపించింది. వాటిని ముట్టుకుంటే మెలకువ వచ్చేస్తుందేమోనని చెయ్యి చాపలేదు. గురువు మాత్రం ఒక బూటు అందుకుని, లోపలి మెత్త బయటికి లాగి, నేలమీద పరిచి, దానిమీద నిలబడమన్నాడు. రత్నం వేళ్ళు రెండువైపులా నేలమీదికి దిగిపోయాయి.

వేసుకోగా వేసుకోగా సాగుతాయని షాపాయన నచ్చజెప్పాడు.

"సాగీదాకా పరుగు ఆపుతారేటి బాబూ?" అని గురువు మర్యాదగానే అడిగాడు.

షాపాయన మంచివాడే. గొణుక్కుంటూనే ఒక్కో జతా దించాడు. ఒక్కోదాని మెత్త తియ్యడం, రత్నం నిలబడడం, గురువు వంగి చూడడం. అలా గంటసేపు గడిచాక, అట్టడుగు అరలోంచి మగవాళ్ళ బూట్లు బయటికొచ్చాయి. రెండేళ్ళ కిందటి రకం, అమ్ముడుపోక మిగిలిపోయినవి. పన్నెండు వందలకి ఇచ్చేస్తానన్నాడు. ఆ మెత్త మీద రత్నం పాదం ఏ పక్కా జారకుండా కూర్చుంది. కాలివేళ్ళ ముందు చేతి బొటనవేలంత జాగా కూడా మిగిలింది. వేసుకుని షాపు ముందు వీధిలో కరెంటు స్తంభం దాకా పరిగెత్తి వచ్చింది. కాళ్ళు ఏ పేచీ పెట్టలేదు.

అప్పుడు అద్దంలో చూసుకుంది. బూడిదరంగు. వాన వెలిశాక పొయ్యిలో మిగిలే బూడిద. ఏటీఎం దగ్గర కూర్చునే వాచ్‌మన్ కాళ్ళవి తెచ్చి తన కాళ్ళకి అతికించినట్టున్నాయి. పరుగు రోజున గులాబీరంగు, నారింజరంగు బూట్ల అమ్మాయిల మధ్య వీటితో నిలబడడం తలుచుకుంటే ఏడుపొచ్చింది. గబగబా విప్పేసి, ఆలోచించుకుని వస్తానంది. గురువు బలవంతపెట్టలేదు. ఇద్దరూ తిరుగు బస్సు ఎక్కారు. కిటికీ బయట మంచు దిగుతోంది. ఊళ్ళ దీపాలు ఒకటొకటిగా వచ్చి కరిగిపోయాయి.

ఆ తెల్లవారుజామున కల మళ్ళీ వచ్చింది. ఈసారి నారింజరంగు బూట్లు నీళ్ళమీద ఆగిపోయి ఉన్నాయి. వాటిని దాటుకుని గురువు ఒట్టికాళ్ళతో సముద్రం మీద నడిచి వెళుతున్నాడు. ఆయన వెనక్కి చూడలేదు. లేచి కూర్చునేసరికి రత్నానికి దారి దొరికినట్టయింది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎలా తట్టలేదా అని తనమీద తనకే నవ్వొచ్చింది.

ఆరోజు ఏమీ తొడుక్కోకుండానే బయల్దేరింది. ఇసక మీదే కాదు, పంతానికి కంకర రోడ్డు మీద కూడా పరిగెత్తింది. బొటనవేలు చిట్లి రక్తం వచ్చింది. ఆ నొప్పి కూడా గొప్పగానే అనిపించింది. అలాగే వచ్చి గురువు పాక ముందు నిలబడింది. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు.

"నాకు బూట్లొద్దు గురువుగోరూ. మీకు మల్లే ఒట్టికాళ్ళతోనే పరిగెడతాను. మీరు పన్నెండు మైళ్ళు పరిగెట్టేరు. నానొక్క మైలు పరిగెట్టలేనేటి?"

ఆ మాటకి ఆయన పొంగిపోతాడని అనుకుంది. శిష్యురాలి నోట ఇంతకంటే మంచి మాట ఏ గురువు వింటాడు?

పోలయ్య గురువు వల పక్కన పెట్టాడు. రక్తం కారే ఆమె బొటనవేలి వంక కాసేపు చూశాడు. తరవాత కుడికాలు ముందుకి చాపాడు. దీవించడానికే అనుకుని రత్నం మోకాళ్ళ మీద కూర్చుని పాదం తాకబోయింది.

"పైన కాదు తల్లీ," అన్నాడు ఆయన. "కిందన."

రోజూ దణ్ణం పెట్టే పాదమే. కానీ అడుగున ఎలా ఉంటుందో రత్నం ఎన్నడూ చూడలేదు. ఏ శిష్యుడూ చూసి ఉండడు. దణ్ణం పెట్టేవాళ్ళ కళ్ళు మూసుకుని ఉంటాయి.

రెండు చేతులా పాదం ఎత్తి చూసింది. మడమ పగుళ్ళలో మైనం నింపి ఉంది. ఆల్చిప్పలు కోసిన గీతలు ఒకదానిమీద ఒకటి, ఏది పాతదో ఏది కొత్తదో తెలియకుండా ఉన్నాయి. ఒకచోట గవ్వముక్క లోపలే ఉండిపోయి, దాని చుట్టూ చర్మం కాయ కాచింది. చిటికెనవేలు ఉండాల్సిన చోట మొండి కణుపు ఉంది. ఈ పాదంతో ఆయన ఇప్పటికీ తన వెంట ఒడ్డంతా నడుస్తున్నాడని తలుచుకునేసరికి రత్నం గుండె చెరువైంది.

మెల్లిగా బొటనవేలితో నిమిరింది. తరవాత కొంచెం నొక్కింది. ఆ తరవాత అరచెయ్యంతా ఆనించి అలాగే ఉంచింది. పాదం చల్లగా, పాత పడవ చెక్కలా ఉంది.

గురువు సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. మంచు పలచబడుతోంది. వల లాగేవాళ్ళ పాట ఆగిపోయింది. చాలాసేపటికి ఆయన కాస్త విసుగ్గా, కాస్త ముద్దుగా అన్నాడు.

"ముట్టుకోవేటమ్మా? బయమేటి?"

రత్నం అరచెయ్యి ఇంకా ఆ పాదానికి ఆనించే ఉంది. ఆమె చెయ్యి తియ్యలేదు.

పొద్దు బాగా పైకొచ్చాక లేచింది. చిట్లిన వేలు ఉప్పునీటితో కడుక్కుని, టౌనుకి సాయంత్రం బస్సు ఎన్నింటికో అడిగింది.