పిడికిలి విప్పని పెద్దమ్మ

కొత్త కెమెరా వచ్చిన దగ్గర్నించీ భీమేశుకి అన్నం సయించడం లేదు.

అది లెన్సులు మార్చుకునే కెమెరా. ఎస్సెల్లార్ అంటారు. చేతికైతే వచ్చింది గానీ, దానికి ఏ జూమ్ లెన్సు తగిలించుకోవాలో తేలలేదు. కాకినాడ కొట్టువాళ్ళు రెండు లెన్సులిచ్చి, "ఒక పెళ్ళి చేసి చూడండి. నచ్చింది ఉంచుకుని రెండోది పంపెయ్యండి" అన్నారు. రెండూ కొనుక్కునే తాహతు అతనికి లేదు.

ఒకటి పొట్టిది. గుమ్మంలో నిలబడితే గదంతా పడుతుంది. తిప్పితే మనిషి మొహం దాకా వస్తుంది, అంతే. రెండోది మోచేయంత పొడుగు. మంటపం చివర నిలబడి తిప్పితే పెళ్ళికూతురి ముక్కుపుడకలో రాయి కూడా కనిపిస్తుంది.

రామచంద్రపురంలో జమాల్ మాస్టారి స్టూడియోలో భీమేశు పని నేర్చుకుంటున్నాడు. మాస్టారు పెద్దవయసు మనిషి. మాట తక్కువ.

"ఏది ఉంచుకోమంటారు మాస్టారూ?"

"చూద్దాంలే."

రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. భీమేశుకి ఒళ్ళు మండిపోయేది. "చూద్దాం చూద్దాం అంటారు. చెప్పడానికి నోరు నొప్పా అండి? పక్క స్టూడియోలో అయితే ఈపాటికి పూసగుచ్చినట్టు చెప్పేవారు."

"అయితే పక్క స్టూడియోకే వెళ్ళి అడుగు," అని మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఇంతలో భూషణమ్మ గారింట వాళ్ళమ్మాయి పెళ్ళి వచ్చింది. భీమేశు పొడుగు లెన్సు బిగించుకుని బయల్దేరాడు. పొట్టిది సంచీలోంచి బయటికే తీయలేదు.

అతనికి ఆ లెన్సు ఎందుకంత నచ్చిందంటే, ఎవరి దగ్గరికీ వెళ్ళనక్కర్లేదు. ఎవర్నీ అడగనక్కర్లేదు. స్తంభం చాటున నిలబడితే చాలు, వాళ్ళ పాటికి వాళ్ళుంటారు, ఇతని పాటికి ఇతను లాగేస్తాడు.

ఆడవాళ్ళకి తెలుసు ఈ బాధ. మనం ముద్ద నోట్లో పెట్టుకునే వేళకే ఫొటో అబ్బాయి విస్తరి ముందు ప్రత్యక్షమవుతాడు. కొంగు అడ్డం పెట్టుకునే లోపు నొక్కేస్తాడు. ఎదురుగా ఉన్నవాణ్ణయితే కసురుకోవచ్చు. ఎక్కడో చాటున ఉన్నవాణ్ణి ఏం చేస్తాం?

ముహూర్తం వేళ అయింది. గట్టిమేళం మోగింది. అందరూ లేచి అక్షింతలు వేస్తున్నారు. భీమేశు వెనకనించి లెన్సు తిప్పుతూ ఒక మొహం దగ్గర ఆగిపోయాడు.

పెళ్ళికూతురి పెద్దమ్మ, వరహాలమ్మ గారు. చుట్టూ చేతులన్నీ గాల్లో ఉన్నాయి. ఆవిడ చెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుని కిందే ఉంది. పళ్ళు కరుచుకుని, కళ్ళల్లో నిప్పులు పోసుకుని నిలబడి ఉంది.

భీమేశు నొక్కాడు. అంత మంచి ఫొటో అతను జన్మలో తీయలేదు.

భోజనాల దగ్గర మాస్టారు వచ్చి, "ఏదీ, ఆ పొడుగుది ఓసారి ఇలా ఇయ్యి" అన్నారు. తన పాత కెమెరాకి బిగించుకుని డాబా మీదికి వెళ్ళారు. కాసేపటికి దిగి వచ్చి తిరిగిచ్చేశారు.

"ఎలా ఉందండి?"

"బాగా కనిపిస్తోంది."

భీమేశు పొంగిపోయాడు. ఆ సాయంత్రమే పెద్దమ్మ ఫొటో పెళ్ళివారందరికీ ఫోన్లో పంపాడు. తన స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ గారు స్టూడియో మెట్లెక్కింది. ఒక కాలికి చెప్పుంది. రెండో కాలికి కట్టుంది.

"ఎవడ్రా నా ఫొటో తీసింది?"

"నేనేనండి," అన్నాడు భీమేశు, మెచ్చుకోడానికి వచ్చిందనుకుని.

"నీ చేతులు పడిపోనూ! నా కొంప ముంచావు కదరా!"

ఆవిడ కుర్చీ మీద కూలబడింది. కోపంతో మాట సరిగ్గా రావడం లేదు.

"ఆ పెళ్ళికొడుకు సంబంధం ముందు మా అమ్మాయికే వచ్చింది. జాతకం కుదర్లేదు. నేనే కదా మా చెల్లెలి పిల్లకి చెప్పి చేయించింది! ఇప్పుడందరూ ఏవంటున్నారో తెలుసా? కడుపుమంటతో అక్షింతలు కూడా వెయ్యలేదంట నేను! మా చెల్లెలు తలుపేసుకుంది. నా గుమ్మం తొక్కొద్దు అంది. నలభై యేళ్ళుగా ఒక్క కంచంలో తిన్నవాళ్ళం!"

"మరి వెయ్యలేదు కదండి," అన్నాడు భీమేశు.

"ఎలా వేస్తాన్రా! అందరూ ఒక్కసారి లేచారా, ముందున్న ఇనప కుర్చీ వెనక్కొచ్చి నా కాలి మీద పడింది. గోరు లేచిపోయింది. తాళి కట్టే వేళ కెవ్వుమంటే అశుభం కాదూ? పిడికిలి బిగబట్టి, పళ్ళు బిగబట్టి, పిల్ల అత్తారింటికి వెళ్ళేదాకా ఆ కాలు చీర కుచ్చిళ్ళలో దాచుకున్నాను. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? కట్టు చూపిస్తే, అది ఇంటికెళ్ళాక తగిలించుకున్నావంది మా చెల్లెలు. నీ ఫొటో చూపించి నా నోరు మూయించింది."

భీమేశుకి కూడా కోపం వచ్చింది. "అయితే నేనేం చేశానండి? లేనిది పుట్టించానా? మీ మొహం ఎలా ఉంటే అలా తీశాను. కెమెరా అబద్ధం ఆడదు. కావలిస్తే మాస్టార్ని అడగండి!"

మాస్టారు లేచి తన పాత కెమెరా తెచ్చారు. దాని వెనక తెర మీద, నిన్న డాబా మీంచి తీసిన ఫొటో ఒకటి తెరిచి వరహాలమ్మ గారి ముందు పెట్టారు.

"ఇదీ చూడండమ్మా."

ఆవిడ వంగి చూసింది. వంటశాల వెనక భీమేశు. అటూ ఇటూ దొంగచూపులు చూస్తూ, బూరెలు కాగితంలో చుట్టి కెమెరా సంచీలో కుక్కుకుంటున్నాడు. బుగ్గ మీద నెయ్యి కూడా మెరుస్తోంది.

"ఓరి నీ దుంప తెగ! బూరెల దొంగవిట్రా నువ్వు?" ఏడుపు మధ్యలో ఆవిడకి నవ్వొచ్చింది. "ఇలాంటివాడా నా సంగతి ఊరికి చాటింది!"

భీమేశు కెమెరా చూశాడు. మొహం కందగడ్డలా అయిపోయింది.

"దొంగతనం కాదండి! వంటాయన్ని అడిగే తీసుకున్నాను. ఆయనే చుట్టుకోమన్నాడు. మా అమ్మకండి! ఆవిడకి పళ్ళు లేవు, పూర్ణం ఒక్కటే తినగలదు. పెళ్ళివారు చూస్తే నామోషీ అని అటూ ఇటూ చూశాను. అంతేగాని... ఏవండీ మాస్టారూ, మీరు పెద్దవారు. ఇలా చాటునుంచి తీస్తారా? నన్నొక్కమాట అడగొద్దా? నలుగురూ చూస్తే నా బతుకేం కాను!"

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మాస్టారు అంతా విన్నారు. కెమెరా ఒకసారి తన వైపు తిప్పుకుని చూశారు.

"వంటాయన్ని అడిగావు కదా. ఆ మాట ఇందులో పడలేదురా."

భీమేశు మళ్ళీ కెమెరా వైపు చూశాడు.

"చెరిపెయ్యనా?" అన్నారు మాస్టారు.

"చెరిపెయ్యండి!"

మాస్టారు ఒక మీట నొక్కారు. ఫొటో పోయింది.

"నీది పోయింది. ఆవిడది ఎన్ని ఫోన్లలోంచి చెరుపుతావు?"

భీమేశు తల దించుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి ముందు తన స్టేటస్ తీసేశాడు.

"ఆవిడ ఆ కాలితో నడవలేరు," అన్నారు మాస్టారు. "బండి తియ్యి."

భూషణమ్మ గారి వాకిలి ఇరుకు. ఇటు ఇనప తలుపు, అటు వసారా, మధ్యలో ఒక మనిషి తిరిగేంత చోటు. అక్కని బండి వెనక చూడగానే ఆవిడ లోపలికి తిరిగిపోబోయింది.

"అమ్మా, ఆగండి," అన్నాడు భీమేశు. "తప్పు నాదండి. ఫొటో తీసింది నేనే. ఆవిడ్ని ఏవైందని అడగలేదు. దగ్గరికి కూడా వెళ్ళలేదు."

"నువ్వడిగేదేంటి? నాకు కళ్ళు లేవా? దాని మొహం చూశాను గదా!"

"మొహం చూశారండి. కాలు చూడలేదు."

వరహాలమ్మ గారు బండి దిగింది. వసారా గట్టు మీద కూచుని కట్టు విప్పింది. గోరు ఊడిపోయిన వేలు నల్లగా వాచి ఉంది. కుర్చీ కోడు దిగిన చోట గుండ్రంగా అచ్చు పడి ఉంది. పెళ్ళిలో పెట్టుకున్న పారాణి ఆ రక్తం కిందే ఎండిపోయి ఉంది.

భూషణమ్మ గారు ఆ పారాణి చూసింది. చాలాసేపు చూసింది.

"అరిచి చావొచ్చు కదే!" అంది చివరికి, కోపంగా.

"నీ పిల్లకి తాళి కడుతుంటేనా?"

"కడితే కట్టారు! గోరు ఊడిపోతే నోరు మూసుకుని నిలబడతావా? అసలు బుద్ధుందా నీకు?"

"నీకుందా? ఫొటో చూసి అక్కని వెళ్ళగొట్టావు!"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. అరుస్తూనే చెల్లెలు నీళ్ళు తెచ్చింది. కింద కూచుని అక్క కాలు ఒళ్ళో పెట్టుకుని కడిగింది. ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నాక, ఇక భీమేశు మీద పడ్డారు.

"చూస్తావేంట్రా గుడ్లప్పగించి?" అంది భూషణమ్మ గారు. "తియ్యి! ఇప్పుడు తియ్యి ఫొటో. మా ఇద్దర్నీ కలిపి తీసి, నిన్నటిది ఎవరెవరికి పంపావో వాళ్ళందరికీ పంపు. ఒక్కళ్ళు మిగిలినా ఊరుకోను."

"కొంగు సర్దుకోనీవే," అంది వరహాలమ్మ గారు.

"సర్దుకోండమ్మా. అయ్యాకే తీస్తాను," అన్నాడు భీమేశు.

వాళ్ళు సర్దుకున్నారు. అతను సంచీలోంచి కెమెరా తీసి కంటికి ఆనించాడు. నిన్నటి పొడుగు లెన్సే దానికి ఉంది.

నొక్కాడు. లెన్సు గిర్రుమని ముందుకీ వెనక్కీ తిరిగింది గానీ పట్టుకోలేదు. మళ్ళీ నొక్కాడు. అంతా మంచు కమ్మినట్టుగా ఉంది. అందులో ఎవరో ఒకావిడ, ఎవరిదో ఒక చెయ్యి. వెనక్కి ఒక అడుగు వేశాడు. వీపుకి ఇనప తలుపు తగిలింది.

"ఏంట్రా, ఇంకా తీయలేదా?" అంది భూషణమ్మ గారు. "చెయ్యి చాపితే అందేంత దగ్గర కూచున్నాం. కనపడట్లేదా?"

"కనపడట్లేదండి," అన్నాడు భీమేశు.

కెమెరా దించి, ఆ లెన్సు ఊడదీసి, సంచీలోంచి పొట్టిది తీశాడు.