చుక్క కింద స్థలం

సోమలింగానికి వచ్చిన చిక్కేమిటంటే, భూమి లోపల ఏముందో అతనికి తెలిసిపోయింది.

అతను మా లంకలో నిర్గుణదాసు గారి శిష్యుడు. ఆశ్రమానికి నీళ్ళు మోసేవాడు, సాయంత్రాలు తత్వాలు పాడేవాడు. ఈ వేసవిలో అతని ఫోన్‌లోకి ఒక మ్యాప్ వచ్చింది. గ్యాస్ కోసం, చమురు కోసం మా వైపు తవ్విన బావులన్నీ అందులో ఎర్రచుక్కలుగా కనిపిస్తాయి. పనిచేసేవీ ఉంటాయి, మూసేసినవీ ఉంటాయి. అప్పట్నుంచి తత్వాలు తగ్గాయి.

ఊరంతా ఆశ్రమానికి రావడం మొదలుపెట్టింది, గురువు గారి కోసం కాదు. తన కొబ్బరితోట కింద గ్యాస్ లేదని విని ప్రెసిడెంటు గారు ఆ పూట అన్నం మానేశారు. మాకూ ఆశ్చర్యమే. ఆయన ఉపన్యాసాలు విన్నవాళ్ళం, ఉందనే అనుకున్నాం.

ఇల్లు కట్టుకుంటున్న మంగాయమ్మ మాత్రం ఏమీ అడగలేదు. సోమలింగమే పిలిచి చెప్పాడు.

"నీ స్థలం మీద చుక్క ఉందమ్మా. మూసేసిన బావి. దాని మీద ఇల్లు కడితే ఏమవుతుందో నేను చెప్పలేను."

చెప్పలేనివాడు అంతవరకూ చెప్పాడు. పునాది తవ్వుతున్న మేస్త్రి ఆ మాట విని పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె తన మేకలతో టార్పాలిన్ కిందే ఉండిపోయింది. వానలు దగ్గరపడ్డాయి.

చివరికి ఆమె గురువు గారి దగ్గరికి వచ్చింది.

"స్థలమంతా గునపంతో పొడిచి చూశానండి. బావీ లేదు, గట్టూ లేదు. ఈయనేమో ఉందంటాడు."

గురువు గారు పొడుం పీల్చి, "ఏదీ, చూపించవోయ్" అన్నారు.

సోమలింగం చూపించాడు. చుక్క ఆమె స్థలాన్ని నిండా కప్పేసి ఉంది.

"మరి మన ఆశ్రమం ఎక్కడ?"

అతను తెర మీద వేళ్ళు దగ్గరికి జరిపాడు. ఊరు చిన్నదైంది. చుక్క మాత్రం అంతే ఉంది. ఇప్పుడు దాని కింద ఆశ్రమం కూడా ఉంది, ప్రెసిడెంటు గారి తోటతో సహా.

గురువు గారు లేచి చాప చుట్టారు. చెంబు అందుకున్నారు. ఎండలో రోడ్డు మీదికి నడిచారు.

"ఎక్కడికండీ గురువు గారూ?"

"చుక్క మన మీదా పడిందిగా."

"అయ్యో, అది ఫోన్‌లో చుక్క సైజండి! బావి అంత ఉండదండి."

"ఆవిడ మీద పడ్డది?"

సోమలింగం మళ్ళీ ఫోన్ చూశాడు. తెర మీద వేళ్ళు దూరంగా జరిపాడు. చుక్క కింది నుంచి ముందు ఆశ్రమం, తర్వాత మంగాయమ్మ స్థలం బయటపడ్డాయి. ఇంకా జరిపాడు. చుక్క కాలవ అవతల, ఖాళీ పోరంబోకులో నిలబడింది.

అతను మంగాయమ్మను తీసుకుని కాలవ దాటి అక్కడికి వెళ్ళాడు. తుప్పు పట్టిన కంచె, దాని మధ్య ఒక సిమెంటు దిమ్మ, దిమ్మ మీద చెరిగిపోయిన నంబరు.

"ఇదా నీ బావి!" అంది మంగాయమ్మ. "దీన్ని మేం దిమ్మ అంటాం. నా మేకలు రోజూ ఈ కంచె పక్కనే మేస్తాయి. బావంటే గిలకా చేదా ఉంటాయనుకుని నా స్థలమంతా కుళ్ళబొడిచాను గదయ్యా. ఆ దిమ్మ అని ఒక్క ముక్క అనకపోయావా?"

సోమలింగం వెనక్కి తిరిగి కాలవ దాటాడు. 

తిరిగి వచ్చేసరికి గురువు గారు రోడ్డు పక్కన చాప పరుచుకుని కూర్చుని ఉన్నారు.

"లోపలికి రండి గురువు గారూ. బావి కాలవ అవతల ఉందండి."

"ఆవిడ ఇంట్లోకి వెళ్ళాక నేనూ వస్తాను."

దూరంగా ఉరిమింది. సోమలింగం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రి ఇంటికి దారి అతనికి చూడకుండానే తెలుసు.